జీవితాంతం సభ్యత్వం: ఎవరి జీవితం లెక్క?

గత వేసవిలో మా అక్కయ్య సియాటెల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లింది. అక్కయ్యకు అరవై ఎనిమిదేళ్లు. రెయినియర్ పర్వతం దగ్గర ఆగస్టులో కొండవాలంతా పూలతో నిండిపోతుందని విని, అక్కడ ఒక్క రోజైనా నడవాలని పట్టుబట్టింది. ఆమె జీవితమంతా చెప్పులతోనే తిరిగిన మనిషి. అందుకని బూట్లు కొనడానికి, కొండలెక్కే సామాను అమ్మే ఆర్‌ఈఐ అనే దుకాణానికి తీసుకెళ్లారు. బిల్లు కట్టే చోట అమ్మాయి అడిగిందట, సభ్యులేనా అని. కాదంటే, 30 డాలర్లు కడితే జీవితాంతం సభ్యత్వం అని చెప్పిందట. అక్కయ్య కూతురి వైపు తిరిగి, "నా వయసుకు జీవితాంతం అంటే ఎన్నేళ్లమ్మా?" అంది.

మేనకోడలు ఈ సంగతి ఫోనులో నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ ప్రశ్న రెండు రోజులు మనసులో తిరుగుతూనే ఉంది. ఇరవై ఐదేళ్ల కుర్రవాడి దగ్గరా, డెబ్బై ఏళ్ల పెద్దమనిషి దగ్గరా దుకాణం తీసుకొనేది అదే 30 డాలర్లు. ఇద్దరికీ దక్కేది ఒకటే అవుతుందా? ఏటా వేల మంది తెలుగు తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, బూట్లూ కోట్లూ కొనుక్కొని, ఆర్నెల్లకు తిరిగి వస్తున్నారు. వాళ్లకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సభ్యత్వం అనే మాట కింద అక్కడ వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. కాస్ట్‌కో అనే టోకు దుకాణం లాంటి చోట ఏటా డబ్బు కట్టాలి. 2024 సెప్టెంబరు నుంచి మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు. కట్టడం మానేస్తే లోపలికి రానివ్వరు. మన ఊళ్లలో పెద్ద దుకాణాలు ఫోను నంబరు అడిగి ఉచితంగా చేర్చుకొనేది ఇంకో రకం. అక్కడ మనం ఇచ్చే వెల మన కొనుగోళ్ల వివరాలు. ఆర్‌ఈఐ ఈ రెండింటిలోనూ చేరదు. అది కొనేవాళ్లే కలిసి నడుపుకొనే సహకార సంఘం.

1930లలో సియాటెల్‌లో లాయిడ్ ఆండర్సన్ అనే కొండలెక్కే మనిషికి మంచు గొడ్డలి కావలసివచ్చింది. స్థానికంగా దొరికేవి ఖరీదెక్కువ, నాణ్యత తక్కువ. ఆయన భార్య మేరీ బడిపంతులు. ఇద్దరూ కలిసి ఆస్ట్రియా నుంచి మూడున్నర డాలర్లకు మేలైన గొడ్డలి తెప్పించారు. అది చూసి స్నేహితులు మాకూ, మాకూ అన్నారు. అలా 1938లో సంఘం పుట్టింది. చేరడానికి ఒక డాలరు. ఈ రోజు సభ్యులు రెండు కోట్లు దాటారు. సభ్యత్వ రుసుము చాలాకాలం 20 డాలర్లుగా ఉండి, 2022లో 30 అయింది.

మన పల్లెల్లో పాల సంఘం గుర్తున్నవాళ్లకు దీని నడక వెంటనే అర్థమవుతుంది. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో దాన్ని బట్టి ఏడాది చివర బోనస్ వస్తుంది కదా. ఇక్కడ పోసిన పాల బదులు కొన్న సరుకు. పూర్తి ధర పెట్టి కొన్న వస్తువుల మీద సాధారణంగా నూటికి పది చొప్పున లెక్కగట్టి, తరువాతి సంవత్సరం మార్చిలో సభ్యుడి ఖాతాలో జమ చేస్తారు. తగ్గింపు ధరకు కొన్న వాటికి ఇది రాదు. సంఘాన్ని నడిపే బోర్డును ఎన్నుకోవడానికి సభ్యులకు ఓటు కూడా ఉంటుంది. అది వట్టి అలంకారం కాదు. 2025 ఎన్నికలో బోర్డు నిలబెట్టిన అభ్యర్థులను సభ్యులు తోసిపుచ్చారు.

ఇక డబ్బు లెక్క. 30 డాలర్లు తిరిగి రావాలంటే పూర్తి ధరకు 300 డాలర్ల సరుకు కొనాలి. ఏటేటా గుడారాలూ సైకిళ్లూ మంచు మీద జారే పలకలూ కొనే కుర్రవాడికి అది ఒక్క వారాంతంలో తీరిపోతుంది. మా అక్కయ్య కొన్నది 150 డాలర్ల బూట్లు. దాని మీద వచ్చేది 15 డాలర్లు. అదీ మరుసటి మార్చిలో. అక్టోబరు చివరికల్లా విజయవాడలో ఉండే మనిషికి, మార్చిలో సియాటెల్ దుకాణం ఖాతాలో పడే 15 డాలర్లతో ఏం పని? అప్పుడప్పుడు కొత్త సభ్యులకు 30 డాలర్ల బోనస్ కార్డు ఇచ్చే రోజులు వస్తుంటాయి. అప్పుడైతే చేరడం దాదాపు ఉచితమే. కానీ ఆ కార్డును ఖర్చు చేయడం కోసం అక్కరలేనిది కొంటే లాభం ఎక్కడిది? నూటికి పది కోసమే చేరడమైతే, పెద్దవాళ్లలో చాలామందికి చేరకపోవడమే మేలు.

అయినా నేను చేరమనే చెబుతాను. దానికి కారణం ఆ పది శాతం కాదు, వాపసు నియమం.

సభ్యులు కాని వారు కొన్న వస్తువును 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. సభ్యులకు ఏడాది గడువు. నచ్చకపోతే, వాడిన తరువాత కూడా ఇవ్వవచ్చు. వాడి వాడి అరిగిపోయిన వాటికి, చేజేతులా పాడుచేసిన వాటికి ఇది వర్తించదు. ఆరుబయట వాడే ఎలక్ట్రానిక్ పరికరాలకు మాత్రం ఎవరికైనా 90 రోజులే. ఇప్పుడు మన వాళ్ల ప్రయాణాన్ని ఈ గడువు పక్కన పెట్టి చూడండి. మే నెలలో దిగుతారు. వచ్చిన ఉత్సాహంలో మొదటి వారంలోనే బూట్లు కొంటారు. పిల్లలకు సెలవు దొరికి అసలు కొండ దగ్గరికి వెళ్లేది ఆగస్టులో. బూటు కరుస్తోందని దిగుడు దారిలోనే తెలుస్తుంది. అప్పటికి 90 రోజులు ఎగిరిపోయి ఉంటాయి. ఆ 30 డాలర్లు పాదాలకు కట్టే బీమా లాంటివి.

దీని విలువ నాకు స్వయంగా తెలిసివచ్చింది. కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక దుకాణంలో బూట్లు కొన్నాను. నడిచి చూస్తే నున్నటి నేల మీద హాయిగానే ఉన్నాయి. మొదటి కొండ దిగేటప్పుడు రెండు బొటనవేళ్లూ ముందుకు పోయి తగిలి, గోళ్లు నల్లబడ్డాయి. దుకాణం నియమం ప్రకారం బయట వాడిన బూటు వెనక్కి తీసుకోరు. అవి ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. దుకాణంలో పాలిష్ చేసిన నేల మీద పది అడుగులు వేసి బూటును తేల్చుకోవడం అసాధ్యం. బయట వాడాక కూడా వెనక్కి తీసుకొనే నియమానికి, ముఖ్యంగా మన వయసులో, అంత విలువ ఉంది.

అయితే ఆ నియమం కూడా శాశ్వతం కాదు. 2013 వరకు ఆర్‌ఈఐలో ఎప్పుడు కొన్నదైనా ఎప్పుడైనా తిరిగి ఇవ్వవచ్చు. ఏళ్ల తరబడి తొడిగి చిరిగిన బూట్లను కూడా తెచ్చి ఇచ్చేవాళ్లు ఎక్కువైపోయి, ఏడాది గడువు పెట్టారు. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో ఎల్‌.ఎల్‌.బీన్ అనే ఆయన పెట్టిన బూట్ల కంపెనీ కథ ఇంకా పాతది. 1912లో ఆయన అమ్మిన మొదటి వంద జతల వేట బూట్లలో తొంభై జతలు కుట్లు ఊడి తిరిగి వచ్చాయి. అందరికీ డబ్బు వెనక్కి ఇచ్చి, బూటును సరిచేసి మళ్లీ అమ్మాడు. ఆ మాట మీదే కంపెనీ వందేళ్లు నిలిచింది. 2018 ఫిబ్రవరిలో వాళ్లూ ఏడాది గడువు పెట్టేశారు. అటక మీది పాత సరుకును, పాత వస్తువుల అంగడిలో కొన్న వాటిని తెచ్చి డబ్బు అడిగినవాళ్లే అందుకు కారణమని కంపెనీ చెప్పింది. కొద్దిమంది దుర్వినియోగం చేస్తే నిజాయితీగా వాడుకొనేవాళ్లందరికీ తలుపు మూసుకుపోతుంది. మన పిల్లల్లో ఎవరైనా ఏడాదంతా వాడి చివరి వారంలో తిరిగి ఇచ్చేద్దామంటే, పెద్దవాళ్లుగా వద్దని చెప్పాలి.

జీవితాంతం అన్న మాటలో దుకాణం జీవితం కూడా కలిసి ఉంటుందని కెనడా సభ్యులకు 2020లో తెలిసింది. వాంకూవర్‌లో 1971లో పుట్టిన మౌంటెన్ ఎక్విప్‌మెంట్ కోఆప్‌ కూడా ఇలాంటి సంఘమే. ఐదు డాలర్లు కడితే జీవితాంతం సభ్యులు. యాభై లక్షల మందికి పైగా చేరారు. అప్పులు పెరిగి కష్టాల్లో పడ్డాక, ఆ సెప్టెంబరులో బోర్డు దాన్ని ఒక అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. సభ్యులను ఓటు అడగలేదు. కోర్టు పర్యవేక్షణలో అమ్మకం పూర్తయింది. దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి, సంఘం మాత్రం పోయింది. అరలో సరుకు మారలేదు కదా అనుకోవచ్చు. కానీ 1970లలో చేరి, తమ ఊరి సంఘమని తలచి, అక్కడే కొంటూ ముసలివాళ్లయిన మనుషుల సంగతి ఆలోచించండి. వాళ్ల చేతిలోని కార్డు ఒక్క నెలలో ఉత్త ప్లాస్టిక్ ముక్క అయింది.

ఇంతకీ ఆర్‌ఈఐ సభ్యత్వం ఎవరి పేరు మీద తీసుకోవాలి? అమెరికాలోనే స్థిరపడిన పెద్దవాళ్లయితే తమ పేరు మీదే. ఆర్నెల్లకు వెళ్లివచ్చే వాళ్లయితే కూతురి పేరునో కొడుకు పేరునో ఉండడమే తెలివైన పని. మార్చిలో వచ్చే జమ అక్కడే ఉండేవాళ్లకు ఉపయోగపడుతుంది. మనం తిరిగి వచ్చాక ఏదైనా వాపసు ఇవ్వాలన్నా వాళ్లే ఇవ్వగలరు. వాడిన సామాను అమ్మే విభాగం కూడా అక్కడ ఉంది. సభ్యులు తమ పాత వస్తువులు ఇచ్చి, వాటి విలువకు వేరేవి కొనుక్కోవచ్చు. అమ్మబోతే అడవి అన్నట్టు పాత సామానుకు పెద్ద ధరేమీ పలకదు. కొనేటప్పుడు మాత్రం అదే మనకు అనుకూలం. ఒకటి రెండు సార్లు తొడిగి ఇచ్చేసిన వాన కోటు కొత్తదాని ధర కంటే చాలా తక్కువకు దొరుకుతుంది.

అసలు ఏవి కొనాలి అన్నదానికి నా జాబితా చాలా చిన్నది. బూట్లు, మేజోళ్లు, ఒక జత చేతికర్రలు. ఒంటికి తొడిగే చలికోటు పిల్లల దగ్గర ఉంటుంది, అడిగి వేసుకోండి. గుడారం, స్లీపింగ్ బ్యాగ్ లాంటివి చాలా శాఖల్లో అద్దెకు దొరుకుతాయి, సభ్యులకు అద్దె తగ్గుతుంది కూడా. ఏడాదికి ఒక రాత్రి పడుకొనే గుడారాన్ని కొని గరాజులో దాచడం దండగ.

బూట్ల దగ్గర మాత్రం తొందరపడకూడదు. మన తరంలో చాలామంది యాభై ఏళ్లు చెప్పులతోనో, వట్టి కాళ్లతోనో నడిచినవాళ్లం. తిరుమల మెట్లు ఎక్కినా, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసినా చెప్పులు లేకుండానే. అలా పెరిగిన పాదం ముందుభాగం వెడల్పుగా పరుచుకుంటుంది. దానికి తోడు వయసుతో పాదం వంపు దిగి, పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి. ముప్పై ఏళ్లప్పుడు తొడిగిన కొలత ఇప్పుడు పనికిరాదు. అమెరికా బూట్లలో మామూలు వెడల్పు మన పాదాలకు ఇరుకు. చాలా మంది చేసే తప్పేమిటంటే, వెడల్పు చాలక పొడవు పెద్దది తీసుకుంటారు. అప్పుడు మడమ లోపల జారుతుంది, దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుంటాయి. వైడ్ రకం కావాలని నోరు తెరిచి అడగండి. మగవారికి 2ఈ, ఆడవారికి డి అనే గుర్తు ఉంటుంది.

సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగిన పాదం కాస్త వాచి ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించుకోండి, పెద్దదాన్ని బట్టి తీసుకోండి. ఇనుప పలక మీద పాదం పెట్టించి జరిపే పరికరం ఒకటి ఉంటుంది. సిరక్యూస్‌కు చెందిన చార్లెస్ బ్రానక్ 1920లలో చేసిన ఆ పరికరాన్ని మించింది ఇప్పటికీ రాలేదు. తొడిగే మేజోళ్లతోనే చూసుకోండి. నూలువి కాక ఉన్నివి మంచివి, ఎందుకంటే నూలు చెమటకు తడిసి బొబ్బలు తెస్తుంది. వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొన్ని దుకాణాల్లో చిన్న రాతి వాలు కట్టి ఉంచుతారు. దాని మీద కిందికి దిగి చూడండి. వేలు తగిలితే ఆ జత వద్దు. ఇంగ్లీషులో చెప్పడానికి మొహమాటపడి, అమ్మాయి ఎంతసేపు ఓపిక పడుతుందిలే అని సరేననేవాళ్లను చూశాను. మొహమాటం వద్దు. కొలవడం వాళ్ల పని, వాళ్లు విసుక్కోరు.

మధుమేహం ఉన్నవాళ్లకు ఇంకో మాట. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే బూటు కరిచినా తెలియదు. అలాంటి వారు నొప్పి చెప్పేదాకా ఆగకూడదు. కొన్న బూటును ఇంట్లో అరగంట తొడిగి, విప్పి, పాదం చుట్టూ ఎక్కడైనా ఎర్రబడిందేమో కళ్లతో చూడాలి. అరికాలు కనపడకపోతే అద్దం పెట్టి చూడాలి, లేదా ఇంట్లో వాళ్లను చూడమనాలి. ఎర్రబడితే మర్నాడే వాపసు.

చేతికర్రలు ముసలితనానికి గుర్తు అనుకొని వద్దనేవాళ్లు ఉన్నారు. అక్కడి దారుల్లో ముప్పై ఏళ్లవాళ్లు కూడా రెండు కర్రలతో నడుస్తారు. దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే బరువులో కొంత చేతులు మోస్తాయి. పొడవు మార్చుకొనే రకం తీసుకోండి. నేల మీద ఆనించినప్పుడు మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు కాస్త తగ్గించాలి, దిగేటప్పుడు పెంచాలి. పట్టీలో చేతిని కింది నుంచి పైకి దూర్చి పట్టుకుంటే వేళ్లకు శ్రమ ఉండదు.

దుకాణంలో అమ్మని వస్తువు ఒకటి ఉంది, అది కళ్లద్దాలు. దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే అద్దంలో ఉన్నవి పెట్టుకొని కొండ దిగితే, కింది భాగం చదవడానికి చేసినది కాబట్టి కాలి ముందున్న రాయి మసకగా కనపడుతుంది. దూరపు చూపుకు మాత్రమే చేసిన ఒక జత ఊరి నుంచే చేయించుకొని వెళ్లండి. మూడు వందల డాలర్ల బూట్ల కంటే అదే ఎక్కువ కాపాడుతుంది.

చివరగా, దుకాణాల సభ్యత్వాలన్నిటి కంటే మేలైన జీవితకాల కార్డు ఒకటి అమెరికా ప్రభుత్వం ఇస్తుంది. మన వాళ్లలో దాని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకూ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ జాతీయ పార్కుల సీనియర్ పాస్ దొరుకుతుంది. జీవితాంతానికి 80 డాలర్లు, లేదా ఏడాదికి 20. ఏడాది పాస్‌లు నాలుగు కూడితే జీవితకాల పాస్‌గా మార్చి ఇస్తారు. 2017 ఆగస్టు 28కి ముందు దాని ధర 10 డాలర్లే. అప్పుడు తీసుకున్న కార్డులు ఇప్పటికీ చెల్లుతాయి. ఇక్కడ జీవితాంతం అన్న మాటను నిజంగా నిలబెట్టారు. యోసెమిటీ, ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి చోట్ల మామూలుగా కారుకు 35 డాలర్లు. మూడు పార్కులు చూస్తే 80 డాలర్లు వచ్చేసినట్టే. పెద్దాయన కారులో ఉంటే, కారుకు రుసుము తీసుకొనే పార్కుల్లో ఆ కారులో వాళ్లందరూ అదే పాస్ మీద లోపలికి వెళ్తారు. చాలా చోట్ల గుడారం వేసుకొనే స్థలానికి సగం అద్దె. కొడుకు దగ్గర గ్రీన్ కార్డు మీద ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు ఇది తీసుకోకుండా, ప్రతిసారీ గేటు దగ్గర డబ్బు కడుతుంటే చూసి బాధ కలుగుతుంది. ప్లాస్టిక్ కార్డు పోగొట్టుకుంటే మళ్లీ కొనుక్కోవలసిందే, జాగ్రత్తగా దాచుకోవాలి.

సందర్శకుల వీసా మీద వెళ్లేవారికి ఈ పాస్ రాదు. పైగా 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివారికి ఏడాది పాస్ ధర 250 డాలర్లు చేశారు. ఆ పాస్ లేకుండా వెళితే, ఎక్కువ మంది వచ్చే 11 పార్కుల్లో మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ మూడూ ఆ పట్టికలో ఉన్నాయి. రెయినియర్ లేదు. అమ్మానాన్నలను వేసవికి పిలుచుకొనే పిల్లలు విమానం టికెట్లు కొనకముందే ఈ లెక్క కూడా వేసుకోవాలి, ఏ పార్కులు చూపించాలో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

అక్కయ్య ఆ రోజు సభ్యత్వం తీసుకోలేదు. కూతురు తన పేరు మీద తీసుకొని, ఆ బూట్లను తన ఖాతాలో కొంది. రెయినియర్‌లో పారడైజ్ అనే చోట, 5,400 అడుగుల ఎత్తున, అక్కయ్య రెండు గంటలు నడిచింది. కుడి బూటు చిటికెన వేలి దగ్గర నొక్కిందట. కొని అప్పటికి నూట రెండు రోజులు. మర్నాడు వెళ్లి వైడ్ జత మార్చుకున్నారు. ఆ రెండో జత ఇప్పుడు విజయవాడలో ఉంది; పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడవడానికి వేసుకుంటోంది.